రేడియోకి అటు ఆ అమ్మాయి, ఇటు మాక్స్ భగత్: ‘ఓవర్ ది ఎడ్జ్’ రివ్యూ

సుజాన్ బ్రాక్‌మన్ ‘ఓవర్ ది ఎడ్జ్’ చదవొచ్చా అని ఎవరడిగినా చదవమనే చెప్తాను, రొమాంటిక్ సస్పెన్స్‌లో ఒక్కటంటే ఒక్క పుస్తకం చెప్పు అన్నా ఇదే చెప్తాను. కానీ మొదలెట్టే ముందు ఒకటి తెలిసుండాలి. ఇందులో హైజాకర్లు ఒక అమ్మాయి మీద లైంగిక దాడి చేస్తారు. రచయిత్రి దాన్ని థ్రిల్ కోసం వాడుకోలేదు, హీరోకి కోపం తెప్పించడానికి పెట్టిన సీన్ అంతకన్నా కాదు, అయినా చదవడం చాలా కష్టంగా ఉంటుంది, అలాంటివి తట్టుకోలేని వాళ్ళు ఈ పుస్తకం జోలికి వెళ్ళకపోవడమే మంచిది, వెళ్ళకపోతే తప్పేమీ లేదు.

ఇది 2001లో వచ్చింది, ‘ట్రబుల్‌షూటర్స్’ సిరీస్‌లో మూడోది. 2000లో వచ్చిన ‘ది అన్‌సంగ్ హీరో’తో సిరీస్ మొదలైంది. అమెరికన్ నేవీ సీల్స్‌లో, అంటే నౌకాదళపు ప్రత్యేక కమాండోల్లో, టీమ్ సిక్స్‌టీన్ అని ఒక కల్పిత టీమ్, వాళ్ళతో పాటు ఎఫ్‌బీఐ వాళ్ళు, ఈ మనుషులే పుస్తకం నుంచి పుస్తకానికి వస్తుంటారు, ఒకదాంట్లో పక్కన నిలబడ్డవాడు ఇంకోదాంట్లో హీరో అవుతాడు. ఈ పుస్తకంలో కథ ఏంటంటే కజ్‌బెకిస్తాన్ అనే కల్పిత దేశంలో టెర్రరిస్టులు ఒక అమెరికన్ విమానాన్ని హైజాక్ చేసి రన్‌వే మీద పెట్టేస్తారు, లోపల ప్రయాణికులు, బయట హైజాకర్లతో బేరం మాట్లాడే నెగోషియేటర్లు, ఇంకోపక్క విమానంలోకి ఎలా దూరాలా అని రిహార్సల్స్ చేసుకుంటున్న సీల్స్. మొత్తం పుస్తకం దాదాపు ఆ ఎదురుచూపే. అదే దీని బలం అని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఈ జానర్లో చాలా పుస్తకాలకి ఎదురుచూడటం రాదు, మూడో పేజీలో కాల్పులు, పదో పేజీలో ముద్దు, మధ్యలో హీరో భుజానికి తూటా, ఆ తూటా దెబ్బ కూడా ఇరవై పేజీల్లో మాయం.

మెయిన్ జంట స్టాన్, టెరీ. స్టాన్ సీనియర్ చీఫ్, అంటే టీమ్‌లో ఆఫీసర్ కాదు, కానీ ఆఫీసర్లు కూడా ఏదన్నా చిక్కొస్తే ఆయన దగ్గరికే వస్తారు, ఏ పనైనా ఎలాగోలా చేసిపెట్టే మనిషి. అందగాడు కాదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. టెరీ నేవీ రిజర్వ్‌లో హెలికాప్టర్ పైలట్, పనిలో దిట్ట, గాల్లో ఉంటే దేనికీ బెదరదు, కానీ బేస్‌లో ఒకడు వెంటపడి వేధిస్తుంటే మాత్రం నోరు పెగలదు. ఇది చాలామంది పాఠకులకి నచ్చలేదని విన్నాను, అంత ధైర్యం గల పైలట్ వాడి ముందు ఎందుకలా బిగుసుకుపోతుంది అని. నాకైతే అదే నిజమనిపించింది. ప్రమాదంలో ధైర్యం వేరు, మనతో పనిచేసే, మన కెరీర్‌ని పాడు చేయగల మనిషి ముందు ధైర్యం వేరు, మొదటిది ట్రైనింగ్‌లో నేర్పుతారు, రెండోది నేర్పేవాళ్ళు ఉండరు. స్టాన్ అది గమనిస్తాడు. గమనించి వాడి పళ్ళు రాలగొట్టడు చూడండి, ముందు ఆమెని ఆ చోటు నుంచి బయటికి తీసుకొచ్చే మార్గం వెతుకుతాడు, తన టీమ్‌కి పైలట్‌గా రప్పిస్తాడు, అంటే ఆమెకి కావాల్సింది జాలి కాదని, ఆమెకి బాగా వచ్చిన పని చేసే చోటు అని అర్థం చేసుకుంటాడు. ఈ జానర్లో ఇలాంటి హీరో దొరకడం అరుదు.

వీళ్ళిద్దరి మధ్య అడ్డం కూడా పైపైన అతికించింది కాదు. టెరీ ఆఫీసర్, స్టాన్ ఎన్‌లిస్టెడ్, అంటే ఆఫీసర్ల కింద పనిచేసే హోదా. అమెరికన్ మిలిటరీలో ఆఫీసర్‌కీ ఎన్‌లిస్టెడ్ వాళ్ళకీ మధ్య ప్రేమ వ్యవహారాలు రూల్స్ ప్రకారం నిషేధం, ఫ్రాటర్నైజేషన్ అంటారు, బయటపడితే కెరీర్ మీదకొస్తుంది. ఆ రూల్ వెనక కారణం కూడా ఉంది, ఆర్డర్ ఇచ్చే మనిషికీ తీసుకునే మనిషికీ మధ్య సొంత బంధం ఉంటే ప్రాణాల మీదకొచ్చినప్పుడు ఎవర్ని పంపాలి ఎవర్ని ఆపాలి అనే నిర్ణయం మీద మిగతావాళ్ళకి నమ్మకం పోతుంది. స్టాన్ ఇరవైనాలుగ్గంటలూ టీమ్ గురించే ఆలోచించే మనిషి కాబట్టి ఆ రూల్‌ని తేలిగ్గా తీసుకోడు, పైగా తన మొహం తనకి తెలుసు కాబట్టి టెరీని కుర్రాడూ అందగాడూ ఆఫీసరూ అయిన మల్డూన్ వైపు తోసే ప్రయత్నం చేస్తాడు. ఆ భాగం చదువుతుంటే నవ్వూ వస్తుంది బాధా వేస్తుంది, తనకి ఇష్టమైన మనిషిని ఇంకొకడికి అప్పజెప్పడానికి అంత శ్రద్ధగా ప్లాన్ వేసేవాడి మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది.

టెరీ పైలట్ అవడం గురించి ఒక మాట. అమెరికన్ నేవీలో ఆడవాళ్ళు 1974 నుంచే పైలట్లు, కానీ యుద్ధ విమానాలు, కంబాట్ డ్యూటీలు వాళ్ళకి తెరిచింది 1993లో, సీల్స్‌తో సహా అన్ని కంబాట్ ఉద్యోగాలూ ఆడవాళ్ళకి తెరుస్తున్నట్టు ప్రకటించింది 2015 డిసెంబర్‌లో. అంటే 2001లో ఈ రచయిత్రి ఒక సీల్ టీమ్ కథలో ఆడమనిషిని నిజంగా ఆపరేషన్ మధ్యలో నిలబెట్టాలంటే ఉన్న దారుల్లో ఒకటి హెలికాప్టర్ సీటు, రెండోది ఎఫ్‌బీఐ. ఆమె రెండూ వాడుకుంది. హీరోయిన్‌ని ఎక్కడో బేస్ క్యాంప్‌లో కూర్చోబెట్టి భయపడుతూ ఉంచే కథ ఇది కాదు.

ఇంత చెప్పినా, నన్ను ఈ పుస్తకానికి కట్టిపడేసింది స్టాన్, టెరీ కాదు. మాక్స్, జీనా.

మాక్స్ భగత్ ఎఫ్‌బీఐ నెగోషియేటర్, ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, మూలాలు ఇండియావి. జీనా ఆ విమానంలో ఉన్న కాలేజీ అమ్మాయి. హైజాకర్లకి కావాల్సింది ఒక సెనేటర్ కూతురు, ఆ అమ్మాయి ఆ విమానంలోనే లేదు, ఎవరూ లేవకపోతే వాళ్ళు ఏం చేస్తారో అని జీనా నేనే అని లేస్తుంది. అక్కడ్నుంచి రేడియోలో అటు జీనా, ఇటు మాక్స్. ఆమె అబద్ధం నిలబెట్టాలి, వాళ్ళకి అనుమానం రాకుండా మాట్లాడాలి, ఇతను ఆమె ధైర్యం సడలకుండా చూడాలి, ఏదీ సూటిగా అడగకూడదు ఎందుకంటే పక్కన తుపాకీ పట్టుకుని వింటుంటారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా గొంతుల్తోనే దగ్గరవుతారు. ఈ సీన్లలో ముద్దుల్లేవు, చేయి తాకడం కూడా లేదు, అయినా పుస్తకం మొత్తంలో నేను పేజీ తిప్పడానికి భయపడింది ఇక్కడే. జీనా మీద ఆ లైంగిక దాడి జరిగినప్పుడు మాక్స్‌కి తెలుస్తూనే ఉంటుంది, టీమ్ ఇంకా రెడీగా లేదు, ఇప్పుడు తలుపులు బద్దలుకొడితే మిగతావాళ్ళంతా చచ్చిపోతారు, ఇతనికి కాళ్ళూ చేతులూ ఆడవు. కాపాడతానని మాటిచ్చినవాడు కాపాడలేకపోవడం అనే విషయాన్ని ఈ జానర్లో ఇంత సూటిగా రాసినవాళ్ళని నేను వేరే చూడలేదు. సాధారణంగా హీరో ఆఖరి సెకన్లో వచ్చేస్తాడు కదా, ఇక్కడ రాలేదు. రాలేదన్నదాన్ని రచయిత్రి మాఫీ చేయలేదు, జీనా బతికి బయటపడగానే అంతా సర్దుకున్నట్టు చూపించలేదు, వీళ్ళిద్దర్నీ ఈ పుస్తకంలో కలపనూ లేదు. బాధపడిన అమ్మాయికీ ఆ తప్పు తనదే అనుకుని నలిగిపోయే మగాడికీ చివరి చాప్టర్లో పెళ్ళి చేసేసి ఉంటే పుస్తకం విసిరికొట్టేదాన్ని.

నెగోషియేషన్ విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నాకు మెచ్చుకోలూ ఉంది అభ్యంతరమూ ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో టెర్రరిస్టులు ఇజ్రాయెల్ క్రీడాకారుల్ని బందీలుగా పట్టుకుని చంపిన ఘోరం తర్వాతే బందీల విషయంలో మాటల దారి ఒక పద్ధతిగా తయారైంది, న్యూయార్క్ పోలీసులు 1973లో దీనికోసమే ఒక టీమ్ పెట్టారు, ఎఫ్‌బీఐ కూడా తర్వాత అదే దారి పట్టింది. దాని సారం ఒక్కటే, టైమ్ సంపాదించడం. గంటలు గడిచేకొద్దీ హైజాకర్ అలిసిపోతాడు, మొదటి ఆవేశం తగ్గుతుంది, లోపలి సమాచారం బయటికొస్తుంది, దాడి చేసే టీమ్‌కి రిహార్సల్‌కి వ్యవధి దొరుకుతుంది. పుస్తకంలో ఇదంతా చక్కగా కనిపిస్తుంది, మాక్స్ మాటల్లో పెద్ద డైలాగులుండవు, అవతలివాడు చెప్పింది వినడం, మళ్ళీ అడగడం, ఒక చిన్న విషయం ఒప్పించడం, అంతే. నా అభ్యంతరం ఏంటంటే నిజంగా ఇలాంటి చోట్ల నెగోషియేటర్ వేరు, నిర్ణయాలు తీసుకునే కమాండర్ వేరు, కావాలనే వేరుగా ఉంచుతారు. మాట్లాడేవాడి చేతిలో అధికారం లేకపోతేనే ‘మా పైవాళ్ళని అడిగి చెప్తాను’ అని టైమ్ లాగగలడు, బందీతో మనసు ముడిపడినవాడు దాడి ఎప్పుడు చేయాలో తేల్చే కుర్చీలో కూర్చోకూడదు కూడా. మాక్స్ ఆ టీమ్‌కి బాసూ తనే, రేడియోలో మాట్లాడేదీ తనే. కథకి ఇది పనికొచ్చింది, అతని మీద బరువంతా అందుకే అంత పడుతుంది, కానీ ఈ విషయాలు కాస్త తెలిసినవాళ్ళకి అక్కడక్కడా పంటికింద రాయిలా తగులుతుంది.

జీనా లేచి నిలబడటం నమ్మశక్యంగా లేదు అనేవాళ్ళు ఉంటారు. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో పాన్ ఆమ్ 73 విమానం హైజాక్ అయినప్పుడు హైజాకర్లు అమెరికన్లని ఏరడానికి పాస్‌పోర్టులు పోగుచేయమంటే ఆ విమాన సిబ్బందిలో ఒకరైన నీర్జా భనోత్, ఆమె తోటి సిబ్బంది అమెరికన్ పాస్‌పోర్టులు దొరక్కుండా దాచేశారు, ఇంకో రెండ్రోజుల్లో 23వ పుట్టినరోజున్న అమ్మాయి ఆమె, ప్రయాణికుల్ని బయటికి పంపుతూ ప్రాణం పోగొట్టుకుంది. కాబట్టి ఆ వయసు ఆడపిల్ల ఆ క్షణంలో అలా ఆలోచించగలదా అనే ప్రశ్నే నాకు రాలేదు. లోపల చిక్కుకున్నవాళ్ళు కూడా రెస్క్యూలో భాగమే, బయట టీమ్ ఎంత గొప్పదైనా లోపల ఒకరు తెలివిగా గంటలు నెట్టుకురాకపోతే వాళ్ళొచ్చేసరికి కాపాడటానికి ఎవరూ మిగలరు. ఈ పుస్తకంలో అది కథలోనే ఇమిడి ఉంది. రెస్క్యూ రొమాన్స్‌లో హీరోయిన్‌ని బంధించేసి ఇంక ఏడవడం తప్ప పని లేకుండా చేసే పుస్తకాలు చదివి చదివి విసిగినవాళ్ళకి జీనా పెద్ద ఊరట.

సీల్స్ విమానంలోకి దూరే దాడి సీన్ గురించి చెప్పాలంటే అది వచ్చేసరికి మనం ఊపిరి బిగబట్టి ఉంటాం, వచ్చాక చకచకా అయిపోతుంది. అలాగే ఉండాలి కూడా. 1977 అక్టోబర్‌లో సోమాలియాలోని మొగదిషులో హైజాకైన లుఫ్తాన్సా విమానంలోకి జర్మన్ కమాండో దళం జీఎస్‌జీ 9 వాళ్ళు దూరినప్పుడు అసలు దాడి కొన్ని నిమిషాల్లో ముగిసింది, లోపలున్న బందీలంతా బతికారు, కానీ కెప్టెన్ యూర్గెన్ షూమన్‌ని హైజాకర్లు అంతకు ముందే యెమెన్‌లోని ఏడెన్‌లో చంపేశారు. ఇంకోవైపు 1980లో ఇరాన్‌లో బందీల కోసం బయల్దేరిన అమెరికన్ ఆపరేషన్ ఎడారి మధ్యలోనే ఆగిపోయింది, హెలికాప్టర్లు మొరాయించి వెనక్కి తిరిగే సమయంలో ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని గుద్దుకుని 8 మంది చనిపోయారు, బందీల దగ్గరిదాకా వెళ్ళనే లేదు. ఎలీట్ టీమ్ అంటే ఓడిపోని టీమ్ అని రాసే పుస్తకాల్లో నాకు భయం పుట్టదు, భయం లేనిచోట ప్రేమ కూడా నిలబడదు, వీడు తిరిగిరాకపోవచ్చు అని హీరోయిన్‌తో పాటు నేనూ నమ్మితేనే ఆ ఇద్దరూ ముందురోజు రాత్రి మాట్లాడుకున్న మాటలకి బరువుంటుంది. బ్రాక్‌మన్ ఆ నమ్మకం తెప్పిస్తుంది. హెలికాప్టర్ ఎగరడం ఎగరకపోవడం మీద కూడా ప్రాణాలు ఆధారపడతాయని గుర్తుంచుకుని రాస్తుంది, అందుకే టెరీ పని అలంకారంలా అనిపించదు.

హెల్గా కథ కొంతమందికి అడ్డంగా అనిపిస్తుంది. ఈమె ఇజ్రాయెల్ తరఫున అక్కడికొచ్చిన ముసలావిడ, చిన్నప్పుడు డెన్మార్క్‌లో నాజీల నుంచి తప్పించుకున్న యూదు కుటుంబం, ఇప్పుడు జ్ఞాపకశక్తి పోతోంది, ఏది మర్చిపోతానో అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటుంది. వాళ్ళని దాచిన కుటుంబానికీ స్టాన్ వాళ్ళమ్మకీ సంబంధం ఉంటుంది, అంతకుమించి చెప్పను. 1943 అక్టోబర్‌లో డెన్మార్క్ మామూలు జనం, జాలరులు దాదాపు 7,200 మంది యూదుల్ని పడవల్లో స్వీడన్‌కి దాటించారు, ట్రైనింగ్ లేదు ఆయుధాలు లేవు, పొరుగువాళ్ళు అంతే. ఎలీట్ రెస్క్యూ టీమ్ కథలో ఈ కథని పక్కన పెట్టడం చాలా మంచి ఆలోచన, హైజాక్ టెన్షన్‌లో ఉన్నప్పుడు మధ్యలో 1943కి వెళ్ళాల్సి రావడం చిరాకు తెప్పించినా ఆ చాప్టర్లు మాత్రం దాటేయకండి.

నచ్చనివి ఉన్నాయి. కజ్‌బెకిస్తాన్ దేశానికి ప్రాణం లేదు, దుమ్ము, పేదరికం, తుపాకులు, ఇంతకుమించి ఆ ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతారో ఒక్క పేజీ కూడా నాకు గుర్తు లేదు. హైజాకర్లు అయితే మరీ పల్చగా ఉన్నారు, మాక్స్ అంత శ్రమపడి మాట్లాడుతున్నప్పుడు అవతలివాడు కూడా ఒక మనిషిలా ఉంటే ఆ సీన్లు ఇంకా ఎక్కడికో వెళ్ళేవి. స్టాన్ తను అందంగా ఉండనని అనుకోవడం మొదట్లో ముచ్చటగా ఉన్నా సగం దాటాక ఇంక చాలు బాబూ అనిపిస్తుంది, మాకు అర్థమైంది, ఆమెకి నువ్వే కావాలి. ఇంకోటి, ఇంతమంది కథలు ఒకేసారి నడుస్తుంటే సిరీస్‌కి కొత్తవాళ్ళకి మొదటి వంద పేజీల్లో పేర్లు కలగాపులగం అవుతాయి, ఓపిక పట్టాలి.

సామ్, అలిస్సా గురించి తెలుసుకోవాలని ఈ పుస్తకం తీసుకునేవాళ్ళకి నిరాశే. సామ్ సీల్, అలిస్సా ఎఫ్‌బీఐ, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, దూరంగా కూడా ఉండలేరు, ఇద్దరి మాటలూ కత్తుల్లా ఉంటాయి, ఆ సీన్లు వస్తే నేను మళ్ళీ వెనక్కెళ్ళి చదివేదాన్ని. ఇక్కడ వీళ్ళకి తగిలే దెబ్బ చాలా గట్టిది, దాని పర్యవసానం పుస్తకాల మీద పుస్తకాలు సాగుతుంది. 2001 నాటి జనాదరణ పొందిన రొమాన్స్‌లో ఒక నల్లజాతి ఎఫ్‌బీఐ ఏజెంట్‌ని ఇంత పొగరుతో ఇంత తెలివితో రాయడం, ఆమె కోసం పాఠకులు ఏళ్ళు ఎదురుచూసేలా చేయడం, ఇది రచయిత్రి ఖాతాలో పెద్ద మార్కు.

కాబట్టి ఎవరికి ఇవ్వొచ్చు అంటే, యాక్షన్ కావాలి కానీ మనుషులు కూడా కావాలి అనేవాళ్ళకి, కాల్పులకన్నా కాల్పుల ముందు నిశ్శబ్దం ఎక్కువ ఇష్టపడేవాళ్ళకి. తేలిగ్గా, హాయిగా ఏదన్నా చదివి పడుకుందాం అనుకునేవాళ్ళకి ఇది వద్దు. ఇంగ్లీష్ కష్టంగా ఉండదు, వాక్యాలు చిన్నవి, సంభాషణలు ఎక్కువ, మిలిటరీ హోదాల పేర్లు మాత్రం మొదట్లో కాస్త తికమక పెడతాయి. ఈ ఒక్కటే చదివినా హైజాక్ కథ, స్టాన్ టెరీ కథ రెండూ పూర్తవుతాయి. జీనా, మాక్స్‌ల సంగతి తేలేది 2005లో వచ్చిన ‘బ్రేకింగ్ పాయింట్’లో, సామ్ అలిస్సాలది 2003 నాటి ‘గాన్ టూ ఫార్’లో. సామ్ కోసం తొందరగా ఉన్నా సరే నేరుగా దానికి దూకొద్దు, మధ్యలో ‘అవుట్ ఆఫ్ కంట్రోల్’, ‘ఇంటు ది నైట్’ ఉన్నాయి, రెండూ 2002వి, ముఖ్యంగా రెండోది చదవకుండా వెళ్తే సామ్ పెళ్ళి ఎందుకలా అయిందో తెలియక ఆ మనిషి మీద అనవసరంగా కోపం పెంచుకుంటారు.